జీపు ఇంజను మౌంటింగులు



నేడు నేను ప్రసంగింపబోవు వస్తువు మిక్కిలి చిన్నది. గుప్పిటిలో నిముడును. బండి క్రింద మట్టి, నూనెమరకల నడుమ నుండుటచే యజమాని కంట పడుట అరుదు. జీపు ఇంజనునకును, దానిని మోయు ఇనుప చట్రమునకును నడుమ నుండు రబ్బరు దిమ్మెయే అది. దానికి ఇంజను మౌంటింగని పేరు. మరమ్మతు షెడ్డులలో కొందఱు ఫౌండేషను రబ్బరనియు వ్యవహరింతురు. బండితో వచ్చినది పాడైనపుడు బజారున వేఱు తయారీవారి మౌంటింగులు అనేక రకములు దొరకును. వానిలో దేని నెన్నుకొనవలెను, దాని నెట్లు బిగింపవలెను అనునది నేటి విషయము.

మన్నెపు దారులలోను, వానకు గండ్లుపడిన డొంకలలోను, పొలముగట్లమీదను నడుచు జీపునకు ఈ దిమ్మెలు త్వరగా చెడును. పానా పట్టువాడు మేస్త్రియే యైనను, పైకము చెల్లించువాడును, ఆ బండిలో పిల్లలను రోగులను ఎక్కించి పంపువాడును ఇంటిపెద్దయే. "గట్టిది వేయుదునా, మెత్తనిది వేయుదునా?" అని మేస్త్రి యడిగినపుడు చాలమంది "గట్టిదే వేయుము" అందురు. గట్టిదనమే మేలను ఆ నమ్మకము ఈ వస్తువు విషయమున సగము మాత్రమే సత్యము. మిగిలిన సగమును విన్నవించుటకే నా ప్రయత్నము.

నీళ్లకడవను తలకెత్తుకొను ఇల్లాలు ముందుగా చుట్టకుదురు పెట్టుకొనును. ఆ గుడ్డచుట్ట రెండు పనులు చేయుచున్నది. కడవను దొరలిపోనీక పట్టియుంచుట యొకటి; కడవ కాఠిన్యము తలకు తగులనీయకుండుట రెండవది. చుట్ట మఱీ వదులైనచో కడవ ఒరిగిపోవును. చుట్టకు బదులు కొయ్యచక్రము పెట్టినచో కడవ కదలదు గాని తల నొచ్చును. మౌంటింగునకును ఈ రెండు పనులే కలవు. ఇవి యొకదాని కొకటి ఎదురు. ఇంజనును పట్టియుంచుటకు గట్టిదనము కావలెను. అదురు నాపుటకు మెత్తదనము కావలెను. ఈ రెంటికిని నడుమ సరియైన తగవు తీర్చినదే మంచి మౌంటింగు.

ఇంజను ఏల అదురునో మొదట చూతము. జీపులలో సాధారణముగా నాలుగు సిలిండర్ల ఇంజను ఉండును. దాని ఇరుసు ఒక చుట్టు తిరుగునప్పటికి రెండు సిలిండర్లలో ఇంధనము మండును. బండి నిలిచియుండగా ఇంజను నిమిషమునకు 700 చుట్లు తిరుగుచున్నదనుకొందము. అపుడు నిమిషమునకు 1,400 మంటలు. అనగా సెకనునకు సుమారు 23 దెబ్బలు. ప్రతి దెబ్బయు ఇంజనును ఒక ప్రక్కకు మెలిపెట్టజూచును. దీనికి తోడు పిస్టనులు పైకి క్రిందికి పరుగెత్తుటచే, చుట్టునకు రెండు మారులు ఇంజను నిలువునను ఊగును. డీజిలు ఇంజనులో గాలిని మిక్కిలిగా నొక్కి మండించుటచే ఈ దెబ్బ మఱింత మోటుగా నుండును.

మోటారుబండ్లు పుట్టిన క్రొత్తలో ఇంజనును చట్రమునకు బోల్టులతో నేరుగా బిగించెడివారు. 1908లో అమెరికాలో వెలువడిన ఫోర్డు మోడల్ టి బండిలో దానిని మూడు చోట్ల మాత్రమే ఆనించిరి. ఇందలి కారణము మన వంటయింటిలోనే కలదు. పొయ్యికి మూడు రాళ్లే పెట్టుదుము. నేల ఎగుడుదిగుడుగా నున్నను మూడు రాళ్లమీది కుండ కుదురుగా కూర్చుండును; నాలుగవ రాయి పెట్టినచో ఏదో యొకటి తేలును. గుంతల దారిలో చట్రము మెలితిరిగినను ఆ మెలి ఇంజనునకు సోకకుండ మూడు ఆధారముల పద్ధతి కాపాడెను. అదురు మాత్రము తగ్గలేదు.

అదురునకు మందు 1931లో దొరకెను. ఆ యేట క్రైస్లరువారు తమ ప్లిమతు బండిలో ఒక రబ్బరు ఆధారమును ముందు ఎత్తుగాను, మఱియొకదానిని వెనుక పల్లముగాను అమర్చి, రెంటిని కలుపు గీత ఇంజను బరువుకేంద్రము గుండ పోవునట్లు చేసిరి. ఇంజను తన సహజమైన అక్షముపై తానే ఊగుచు, ఆ ఊపును చట్రమునకు అంటనీయకుండెను. మితిమీరి ఊగకుండుటకు ప్రక్కన నొక ఉక్కుపట్టీ స్ప్రింగును పెట్టిరి. ఈ యేర్పాటునకు ఫ్లోటింగ్ పవర్ అని, అనగా తేలియాడు శక్తియని, పేరిడిరి. ఫ్రాన్సు దేశపు సిట్రోయెనువారు ఈ పద్ధతిని గ్రహించి, అట్టి యింజను గల తమ బండ్లకు నీటిపై తేలు హంసను చిహ్నముగా నుంచిరి. ఈ చరిత్రయందు గమనింపదగిన దొక్కటి కలదు. మెత్తని ఆధారమును కనిపెట్టినవారే, దాని ప్రక్కన హద్దు చూపు స్ప్రింగును కూడ పెట్టిరి. ఊగనిమ్ము, కాని హద్దు దాటనీకుము అనునదే మౌంటింగు ధర్మము.

ఇక జీపు సంగతి. 1945లో విల్లీసువారు పౌరులకై విక్రయింప మొదలిడిన జీపునందలి ఇంజను 134 ఘనపుటంగుళములది. మన దేశమున స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో మహీంద్రావారు కూర్చిన జీపులు ఆ వంశమువే. ఆ ఇంజను మెలిత్రిప్పు బలము హెచ్చుపక్షమున 105 పౌను-అడుగులు; అనగా అడుగు పొడవుగల కోల చివర 105 పౌనుల బరువు వ్రేలాడదీసినంత. ఇది పెద్ద బలము కాదు. కాని బురదలోనో, ఏటవాలునందో డ్రైవరు మొదటి గేరును, దానిపై లో-గేరును వేయును. మొదటి గేరు ఆ బలమును 2.8 రెట్లు పెంచును. లో-గేరు దానిని మఱల 2.46 రెట్లు పెంచును. రాపిడి నష్టమును లెక్కింపనిచో మొత్తము సుమారు 720 పౌను-అడుగు లగును.

ఇంజను, గేరుపెట్టె, నాలుగు చక్రములకు బలమును పంచు పెట్టె, ఈ మూడును ఒకే ముద్దగా బిగింపబడియుండును. కావున చక్రములవైపు పోవు ఇరుసులను త్రిప్పు ఆ బలమంతయు ఆ ముద్దను ఎదురుదిక్కునకు మెలిపెట్టును. ముందరి మౌంటింగులు రెండును రెండడుగుల ఎడమున నున్నవనియు, వెనుకటిది ఏమియు సాయపడదనియు అనుకొన్నచో, ఒక ప్రక్క 360 పౌనుల బలముతో పైకి లేవజూచును. మఱియొక ప్రక్క అంతే బలముతో అణగును. 360 పౌనులనగా 160 కిలోలకు పైమాట. రెండు బస్తాల వడ్లకంటె నెక్కువ. గుప్పెడు రబ్బరు మోయు భారమిది.

డ్రైవరు ముందుకు చూచుచు కూర్చున్నపుడు అతని కెడమవైపునది ఎడమప్రక్క యనుకొందము. బండి ముందుకు పోవునపుడు సాధారణముగా ఇంజను ఎడమప్రక్క పైకి లేచును. వెనుకకు నడుపునపుడు కుడిప్రక్క లేచును. అణగు ప్రక్క రబ్బరు నలిగినను ఇంజను చట్రముమీదనే యుండును. లేచు ప్రక్క రబ్బరు తన ఇనుపరేకునుండి ఊడినచో ఇంజనును పట్టుకొను దిక్కే లేదు.

ఇది ఊహ కాదు. అమెరికాలో 1971 డిసెంబరు నెలలో జనరల్ మోటార్సువారు 1965 మొదలుకొని చేసిన షెవర్లే బండ్లను, దాదాపు 67 లక్షలు, ఈ కారణముచేతనే మరమ్మతునకు వెనుకకు పిలువవలసి వచ్చెను. మౌంటింగు ఊడినపుడు ఇంజను లేచి యాక్సిలరేటరు కడ్డీని లాగెడిది. లాగుటచే ఇంజను మఱింత వేగము పుంజుకొని మఱింత లేచెడిది. డ్రైవరు కాలు తీసినను వేగము తగ్గకుండెడిది. దీనికి వారు చేసిన చికిత్స చాల సులువైనది. ఇంజను కొంత మేరకంటె లేవకుండ ఉక్కుతీగల త్రాడు కట్టిరి. రబ్బరు విడిచినను త్రాడు విడువదు.

కావున క్రొత్త మౌంటింగు కొనునపుడు ధర అడుగుటకు ముందు మేస్త్రిని నే నడుగుమను ప్రశ్న యిది: "ఇందలి రబ్బరు పూర్తిగా తెగిపోయినను పైయినుము క్రిందియినుమును విడిచి పోకుండునా?" కొన్నిటిలో ఇనుపరేకులు ఒకదానిలో నొకటి కొక్కెమువలె చిక్కుకొనియుండును, కొన్నిటిలో నడిమి బోల్టు రెంటిని దాటి, క్రింద పెద్ద వాషరుతో ముగియును. అట్టివి నమ్మదగినవి. రెండు రేకులకు నడుమ రబ్బరు అతికించినది మాత్రమే అయి, వేఱు పట్టు లేనిచో, కొండదారి బండికి అది చాలదు. లేదా దానికి తోడుగా త్రాడు కట్టవలెను. పాత విల్లీసు జీపులలో క్లచ్చి నొక్కునపుడు ఇంజను ముందువెనుకలకు జరుగకుండ ఒక ఉక్కుత్రాడును తయారీవారే అమర్చియుండిరి. కొన్ని బండ్లలో దీనిని అక్కఱలేనిదని విప్పి పాఱవైచుట నేను చూచియున్నాను. అది అలంకారము కాదు. తీసినదానిని మఱల బిగింపవలెను.

బజారులోని మౌంటింగులు ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది రబ్బరు. గంధకముతో కాచి రబ్బరును గట్టిపఱచు విద్యను 1839లో చార్లెస్ గుడియరు కనుగొనెను. నేటికిని అదురు నడంచుటలో రబ్బరునకు సాటి యరుదు. దాని శత్రువులు నూనె, డీజిలు, వేడి. రెండవది పాలీయురెథేను. ఇది 1937లో జర్మనీలో ఆటో బేయరు బృందము కనుగొన్న పదార్థపు కుటుంబమునకు చెందినది. ఎఱుపు, నలుపు, పసుపు రంగులలో అమ్మబడును. రబ్బరుకంటె సాధారణముగా గట్టిది, నూనెకు లొంగదు, అయినను సైలెన్సరు గొట్టపు వేడి నేరుగా తగులుచోట నిలువదు. మూడవది ఉత్త ఇనుము. ఇందు మెత్తదన మేమియు లేదు. పందెపు బండ్లకు దీనిని వాడుదురు.

గట్టిది వేసినచో బండి ఏల అదురునో చెప్పెదను. ఊయెలను దాని సహజమైన ఊపునకు సరిపోవు వేళలలో త్రోసినచో చిన్న త్రోపునకే ఎత్తుగా ఊగును. ఆ లయకంటె చాల వేగముగా, చిటచిట తట్టినచో ఊయెల దాదాపు కదలనే కదలదు. మౌంటింగులపై కూర్చున్న ఇంజనునకును ఇట్టి సహజమైన ఊపు కలదు. మెత్తని రబ్బరుమీద అది సెకనునకు 10 మారులనుకొందము. నిలిచియున్న బండిలో దెబ్బలు సెకనునకు 23. దెబ్బల వేగము సహజపు ఊపునకు రెట్టింపు దాటినది. కావున చట్రమునకు చేరునది ఆ దెబ్బలో నాలుగవ వంతు మాత్రమే. ఇపుడు నాలుగు రెట్లు గట్టియైన మౌంటింగు వేసితి మనుకొనుడు. సహజపు ఊపు రెట్టింపై 20 అగును. 20కిని 23కును దూరమెంత? ఊయెలను సరియైన వేళకు త్రోసినట్లే యగును. దెబ్బ తగ్గుటకు మాఱు రెండు రెట్లకు మించి చట్రమునకు చేరును. స్టీరింగు, అద్దములు, దీపములు, కూర్చున్నవారి పండ్లు సహితము గడగడలాడును. దెబ్బల వేగము సహజపు ఊపునకు 1.4 రెట్లు దాటిననే గాని మౌంటింగు అదురును తగ్గింపలేదు. ఇది యంత్రశాస్త్ర నియమము. ఏ తయారీవారి ప్రకటనయు దీనిని మార్పజాలదు.

కావున నా సలహా యిది. బియ్యము, ఎరువులు, బంధువులను మోయు సాధారణపు జీపునకు తయారీవారి కొలతకు సరిపోవు మంచి రబ్బరు మౌంటింగే వేయింపుడు. నిత్యము బురదలోను, రాళ్లలోను లో-గేరు వేసి నడుపు బండికి, రబ్బరు మాటిమాటికి తెగుచున్నచో, పాలీయురెథేనులో మెత్తని రకమును వాడవచ్చును; అదురు కొంత పెరుగునని ముందే ఒప్పుకొనవలెను. ఉత్త ఇనుమును గ్రామపు బండికి వేయింపవలదు. చట్రము మెలితిరిగినపుడు ఆ మెలి నేరుగా ఇంజను పోతయినుమునకు సోకి, బోల్టుచెవులు పగులును. చెవి పగిలినచో నష్టము వందలతో పోదు. ముందు రెండింటిని గట్టివి వేసి వెనుకటిది కుళ్లిన పాత రబ్బరే ఉంచుటయు తగదు. మూడు రాళ్లలో ఒకటి దిగిపోయిన పొయ్యివలె నగును.

మార్చవలసినదో కాదో తెలిసికొనుట కొక పరీక్ష కలదు. చదునైన నేలపై బండి నిలిపి, చక్రములకు రాళ్లు పెట్టి, చేతిబ్రేకు లాగి, కాలిబ్రేకు గట్టిగా నొక్కి, నేర్పరియైన డ్రైవరు క్లచ్చిని ముందు గేరునందును, పిమ్మట వెనుక గేరునందును కొంచెముగా మాత్రమే విడువవలెను. ఒకరు ప్రక్కన నిలిచి ఇంజనును చూడవలెను. బండికి ముందుగాని, వెనుకగాని ఎవ్వరును నిలువరాదు. ఇంజను కొంచెము ఒరుగుట సహజము. అంగుళముపైన లేచి దబ్బున పడినచో మౌంటింగు ఊడినదనుకొనవచ్చును. రబ్బరు బీటలు, నూనెకు ఉబ్బిన దిమ్మె, రేడియేటరు నొరసిన ఫ్యాను గుర్తులు కూడ సాక్ష్యములే. నూనె కారుచున్నచో మొదట ఆ కారుట నాపవలెను. లేనిచో క్రొత్త రబ్బరునకును పాతదాని గతియే పట్టును.

ఇక బిగించు విధానము. ఇంజను చల్లారిన పిదపనే పని మొదలిడవలెను. బ్యాటరీ నెగెటివు తీగ విప్పవలెను. బండి క్రింద దూరవలసియున్నచో చట్రమును గట్టి స్టాండులపై నుంచవలెను. జాకీ నొక్కదానినే నమ్మి మనుష్యుడు క్రింద దూరరాదు. ఈ మాటను ఎన్ని మారులు చెప్పినను చాలదు. ఇంజను బరువును పైనుండి చైనుకప్పీతో పట్టుట ఉత్తమము. జాకీయే వాడవలసి వచ్చినచో దానికిని ఇంజనునకును నడుమ దళసరి పలక నుంచి, బరువు ఒక్కచోట పడకుండ చేయవలెను. నూనెతొట్టి రేకు పలుచనిది. దాని నడుమ జాకీ పెట్టినచో అది లోనికి దిగిపోవును.

ఇంజనును ఎత్తుటకు ముందు దానితో లేచునవి యేవో చూచుకొనవలెను. ఫ్యాను రేడియేటరుకు తగులునేమో, నీటిగొట్టములు, డీజిలు గొట్టము, సైలెన్సరు గొట్టము, యాక్సిలరేటరు తీగ, క్లచ్చి కడ్డీ బిగిసిపోవునేమో పరికించి, అవసరమైనవాటిని వదులు చేయవలెను. పిదప పాత దిమ్మె బయటికి వచ్చునంతమాత్రమే ఎత్తవలెను. పాతదానిని క్రొత్తదాని ప్రక్క నుంచి ఎత్తు కొలువవలెను. పాతది అణగియుండును గనుక కొంచెము తేడా సహజము. తేడా హెచ్చుగా నున్నచో ఫ్యాను, గేరుకఱ్ఱ, ప్రొపెల్లరు షాఫ్టు వాలు అన్నియు మాఱును. ఆ మౌంటింగు ఆ బండిది కాదు.

ఒక ప్రక్క మార్చి పిమ్మట రెండవ ప్రక్క మార్చవలెను. బోల్టులన్నిటిని మొదట చేతితోనే త్రిప్పి ఎక్కింపవలెను. రంధ్రములు కలియనిచో ఇంజనును జరిపి కలుపవలెను. సుత్తితో కొట్టి బోల్టును దూర్చుటగాని, ఆకురాయితో రంధ్రమును పెద్దది చేయుటగాని తగదు. అన్నిటిని వదులుగా నుంచియే ఇంజను బరువును పూర్తిగా దింపి, చేతులతో అటునిటు ఊపి, తన చోట తాను కుదురుకొననీయవలెను. ఆ తరువాతనే బిగింపు. ముందే బిగించినచో రబ్బరు పుట్టుకతోనే మెలిపడి, కొలదికాలమునకే చీలును. నైలాను పట్టుగల నట్టులు ఒకమారు విప్పినచో క్రొత్తవి వేయుట మేలు. బిగింపు బలమును తయారీవారు చెప్పిన కొలత ప్రకారము టార్కు పానాతో చూడవలెను.

తరచుగా మఱచు వస్తు వొకటి కలదు. రబ్బరు విద్యుత్తును పోనీయదు. అందుచే ఇంజనునుండి చట్రమునకు ఒక అల్లిక తీగ యుండును. దానిని మఱల తగిలింపకున్నచో స్టార్టరు విద్యుత్తు క్లచ్చి తీగగుండనో, యాక్సిలరేటరు తీగగుండనో దారి వెదకికొని వానిని కాల్చును. రక్షణత్రాడును సహజస్థితిలో కొంచెము వదులుగా బిగింపవలెను. బిగువుగా కట్టినచో అదురు త్రాడుద్వారా చట్రమునకు పోవును. మఱీ వదులైనచో వేళకు పట్టదు. కొన్ని వందల కిలోమీటర్లు నడిచిన పిమ్మట బోల్టులన్నిటిని ఒకమారు పరీక్షింపవలెను.

పెట్రోలు జీపునకు డీజిలు ఇంజను నమర్చుట మన ప్రాంతములలో చాలకాలము జరిగినది. ఇందు చట్రమునకు క్రొత్త ఇనుప చెవులను వెల్డింగు చేయవలసియుండును. వెల్డింగు వేడికి రబ్బరు అతుకు చెడును గనుక మౌంటింగును తీసివైచియే పని చేయవలెను. అంతేకాక, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మాఱునట్టి మార్పునకు రవాణాశాఖ అనుమతి కావలెను. కేవలము మౌంటింగులు మార్చుట ఇంజను మార్చుట కాదు.

పెద్దలారా, నా మాటల సారమును మూడు ప్రశ్నలుగా కూర్చెదను. మేస్త్రి పని ముగించి పైక మడిగినపుడు వీనిని అడుగుడు. రబ్బరు తెగినను ఇంజనును పట్టునది ఏది? బోల్టులను బరువు దింపిన పిదప బిగించితివా? అల్లిక తీగను, త్రాడును మఱల తగిలించితివా? ఈ మూడింటికి జవాబు చేతితో చూపగల మేస్త్రి పని నెఱిగినవాడు. అతనికి సంతోషముగా పైక మిండు.